జన్యువు మీద పేటెంట్ అంటే దేని మీద పేటెంట్?

ఏదో సంస్థకు ఫలానా జన్యువు మీద పేటెంట్ వచ్చిందని వార్త రాగానే రెండు రకాల కలవరం మొదలవుతుంది. మన ఒంట్లో పుట్టుకతో ఉన్నదాన్ని ఎవరో తమ పేరున రాయించుకున్నారన్నది ఒకటి. ఇలాంటి పనికి ప్రభుత్వం ఎలా ఒప్పుకుందన్నది రెండోది. ఈ కలవరంలో న్యాయం ఉంది. కాకపోతే అది చాలాసార్లు తప్పు తలుపు తడుతుంది. పేటెంట్ పత్రంలో అసలేం రాసి ఉంటుందో, ఆ రాతకు చట్టం ఎంత బలం ఇస్తుందో తెలిస్తే, ఏ అభ్యంతరాన్ని ఎవరి ముందు పెట్టాలో తేలుతుంది.

పేటెంట్ అనుమతి కాదు, అడ్డుకునే హక్కు

పేటెంట్ చేతికొస్తే ఆ వస్తువును తయారుచేసే, అమ్మే అనుమతి వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పేటెంట్ ఇచ్చేది ఒక్కటే: ఇతరులు దాన్ని తయారుచేయకుండా, వాడకుండా, అమ్మకుండా, దిగుమతి చేసుకోకుండా ఆపే హక్కు. అది కూడా పేటెంట్ ఇచ్చిన దేశంలోనే, దరఖాస్తు వేసిన తేదీ నుంచి 20 ఏళ్ల వరకే. జన్యుచికిత్స మీద పేటెంట్ ఉన్న సంస్థ కూడా ఆ చికిత్సను రోగికి ఇవ్వాలంటే ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర విడిగా అనుమతి తెచ్చుకోవాల్సిందే.

దీన్ని తిరగేసి చూస్తేనే అసలు తిరకాసు కనిపిస్తుంది. నైతికంగా అభ్యంతరకరమని ఒక పద్ధతికి పేటెంట్ నిరాకరించారనుకుందాం. దాంతో ఆ పద్ధతి ఆగిపోదు. వేరే చట్టం నిషేధించకపోతే, ఎవరైనా లైసెన్స్ అక్కర్లేకుండా వాడుకోవచ్చు. అందుకే పేటెంట్ కార్యాలయం సాంకేతిక విషయాలు చూస్తే చాలని, మంచిచెడులు తేల్చాల్సింది చట్టసభలూ నియంత్రణ సంస్థలేనని కొందరు న్యాయనిపుణులు అంటారు. పేటెంట్ అంటే సమాజం ఇచ్చే ప్రోత్సాహం కదా, సమాజం సహించలేని పనికి సమాజమే ప్రోత్సాహకం ఇవ్వడం ఏమిటని మరికొందరు అడుగుతారు. ఈ రెండో వాదనకూ చట్టంలో చోటుంది. 1995లో అమల్లోకి వచ్చిన ట్రిప్స్ (ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాల మేధోసంపత్తి ఒప్పందం) లోని 27వ అధికరణం ప్రకారం, ప్రజాభద్రతకూ నైతికతకూ విరుద్ధమైన ఆవిష్కరణలకు సభ్యదేశాలు పేటెంట్ నిరాకరించవచ్చు. సూక్ష్మజీవులను మినహాయించి మొక్కలనూ జంతువులనూ పేటెంట్ పరిధి నుంచి తప్పించవచ్చు. 'తప్పించవచ్చు' అన్నారు గానీ 'తప్పించాలి' అనలేదు. దేశానికో గీత ఉండటానికి కారణం ఈ మాటే.

అసలు సంగతి క్లెయిమ్‌లో ఉంటుంది

పేటెంట్ పత్రంలో పేజీలకు పేజీలు వర్ణన ఉంటుంది. హక్కు మాత్రం చివర వరుస సంఖ్యలతో ఉండే వాక్యాల్లో ఉంటుంది. వాటినే క్లెయిమ్‌లు అంటారు. పొలానికి సరిహద్దు రాళ్లు ఎలాగో పేటెంట్‌కు ఇవి అలాగ. వార్తలో శీర్షిక ఏదైనా, క్లెయిమ్ చదవకుండా ఆ పేటెంట్ గురించి ఏమీ చెప్పలేం.

ప్రతి క్లెయిమూ మూడు పరీక్షలు దాటాలి: కొత్తదై ఉండాలి, ఆ రంగంలో నిపుణుడికి ఇట్టే తట్టేది కాకూడదు, పారిశ్రామికంగా ఉపయోగపడాలి. దీనికి తోడు, మరో నిపుణుడు చదివి చేసి చూడగలిగేంత వివరంగా పద్ధతి రాయాలి. యంత్రానికైతే బొమ్మలు గీస్తే సరిపోతుంది. మట్టిలో దొరికిన ఒక బ్యాక్టీరియాను మాటల్లో ఎంత రాసినా ఇంకొకరు తయారుచేయలేరు. అందుకే 1977 బుడాపెస్ట్ ఒప్పందం ప్రకారం, ఆ జీవి నమూనాను గుర్తింపు పొందిన నిల్వ కేంద్రంలో జమచేసి ఆ సంఖ్యను దరఖాస్తులో రాస్తారు. నమూనాను కనీసం 30 ఏళ్లు బతికించి ఉంచాలి. జీవ సాంకేతిక దరఖాస్తులు దెబ్బతినే చోట్లలో ఇదొకటి. గడువులోగా జమచేయకపోతే, వివరణ అసంపూర్ణమన్న అభ్యంతరానికి జవాబు ఉండదు.

క్లెయిమ్‌కు ఉన్న బలం తెలియాలంటే ఆనందమోహన్ చక్రవర్తి కేసు చూడాలి. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ ఆయన సూడోమోనాస్ బ్యాక్టీరియాలోకి, ముడిచమురులోని వేర్వేరు భాగాలను విడగొట్టే ప్లాస్మిడ్లను, అంటే చిన్న డీఎన్ఏ వలయాలను, చేర్చారు. 1972లో వేసిన దరఖాస్తులో మూడు రకాల క్లెయిమ్‌లు ఉన్నాయి: బ్యాక్టీరియాను తయారుచేసే పద్ధతి, నీటి మీద తేలే గడ్డి లాంటి వాహకంతో కలిపిన మిశ్రమం, బ్యాక్టీరియా. మొదటి రెండింటికీ పరీక్షకుడు ఒప్పుకున్నాడు. మూడోదాన్ని మాత్రం ప్రాణి అన్న కారణంతో తోసిపుచ్చాడు. ఎనిమిదేళ్ల పోరాటం ఆ ఒక్క క్లెయిమ్ కోసమే. 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని అంగీకరించింది. ప్రాణం ఉందా లేదా అన్నది కొలమానం కాదని, ప్రకృతి చేసిందా మనిషి చేశాడా అన్నదే చూడాలని ఆ తీర్పు సారాంశం. విడిచిపెట్టకుండా ఆ ఒక్క క్లెయిమ్ కోసమే ఎందుకు పోరాడారంటే, పద్ధతి మీద పేటెంట్ ఉంటే ఇంకో పద్ధతిలో అదే బ్యాక్టీరియాను తయారుచేసుకోవచ్చు. బ్యాక్టీరియా మీదే ఉంటే ఏ దారిలో తయారుచేసినా ఉల్లంఘనే అవుతుంది.

ఉన్నదాన్ని కనుక్కోవడం, లేనిదాన్ని చేయడం

తెలుగులో 'కనుగొన్నారు', 'కనిపెట్టారు' అన్న మాటలను ఒకదానికి బదులు ఇంకొకటి వాడేస్తాం. పేటెంట్ చట్టంలో వీటి మధ్య పెద్ద అగాధమే ఉంది. అప్పటికే ఉన్నదాన్ని తెలుసుకోవడానికి పేటెంట్ లేదు. లేనిదాన్ని తయారుచేస్తేనే ఉంది. జన్యువుల దగ్గరికి వచ్చేసరికి ఈ గీత ఎంత సన్నబడుతుందో అమెరికా సంస్థ మిరియడ్ జెనెటిక్స్ కేసు చూపించింది.

బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో కొన్ని మార్పులు ఉన్న స్త్రీలకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు బాగా ఎక్కువ. ఆ జన్యువుల స్థానాన్నీ అక్షరక్రమాన్నీ గుర్తించిన మిరియడ్, శరీరం నుంచి వేరుచేసిన డీఎన్ఏ మీద పేటెంట్లు తీసుకుంది. ఫలితంగా అమెరికాలో ఈ పరీక్ష వాణిజ్యపరంగా చేయగలిగే ల్యాబ్ అదొక్కటే అయింది. పరీక్ష ఖర్చు 3,000 డాలర్లు దాటేది. అంతకన్నా బాధించే సంగతి ఇంకొకటి: అండాశయాలు తీయించుకోవాలా వద్దా అని తేల్చుకోవాల్సిన మనిషికి, ఆ ఫలితం సరైనదేనా అని ఇంకో ల్యాబ్‌లో చూపించుకునే దారి లేకుండా పోయింది.

ఇప్పుడు క్లెయిమ్‌లోకి దిగుదాం. బీఆర్‌సీఏ1 జన్యువు పొడవు సుమారు 80,000 అక్షరాలు (డీఎన్ఏ గొలుసులోని ఒక్కో రసాయన యూనిట్ ఒక అక్షరం). ప్రొటీన్ తయారీకి పనికొచ్చే భాగాలు, అంటే ఎక్సాన్లు, అందులో సుమారు 5,500 మాత్రమే. మధ్యలో ఉండేవి ఇంట్రాన్లు. మిరియడ్ పేటెంట్లలో ఒకదానిలో ఐదో క్లెయిమ్, ఆ డీఎన్ఏలోని కనీసం 15 అక్షరాల ముక్కను కూడా తనదిగా చెప్పుకుంది. ఒక్కో స్థానంలో నాలుగు అక్షరాల్లో ఏదో ఒకటి రావచ్చు కాబట్టి 15 అక్షరాల వరుసలు 4ను 15 సార్లు గుణించినంత, అంటే సుమారు 107 కోట్ల రకాలు. మనిషి జన్యుపటంలో అక్షరాలు సుమారు 300 కోట్లు. కాబట్టి ఏ 15 అక్షరాల వరుసైనా యాదృచ్ఛికంగానే ఇంకెక్కడో రెండు మూడుసార్లు కనిపించే అవకాశం ఉంది. రొమ్ము క్యాన్సర్‌తో ఏ సంబంధమూ లేని జన్యువులోని ముక్క కూడా ఈ క్లెయిమ్ కిందికి రావచ్చన్నమాట.

మిరియడ్ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. క్రోమోజోమ్ నుంచి ముక్కను వేరుచేసేటప్పుడు రెండు చివర్లా రసాయన బంధాలు తెగుతాయి. ఆ రూపంలో ఆ అణువు ప్రకృతిలో లేదు కాబట్టి అది కొత్త పదార్థమేనన్నారు. ఫెడరల్ అప్పీల్ కోర్టు దీన్ని ఒప్పుకుంది కూడా. 2013 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కాదంది. క్లెయిమ్‌ల రాతలో ఎక్కడా ఆ రసాయన మార్పు ఊసే లేదని, అవి పట్టుకున్నది జన్యువులోని సమాచారాన్నేనని, అది ప్రకృతి రాసిందని చెప్పింది. అదే తీర్పులో సీడీఎన్ఏకు మాత్రం పేటెంట్ ఇవ్వొచ్చంది. కణంలోని ఎంఆర్ఎన్ఏను మూసగా పెట్టుకుని ల్యాబ్‌లో తయారుచేసే సీడీఎన్ఏలో ఇంట్రాన్లు ఉండవు. అలాంటి వరుస సహజ జన్యువులో లేదు. దీనికీ ఒక మినహాయింపు పెట్టారు: తీసేయడానికి ఇంట్రానే లేనంత చిన్న ముక్కైతే, అది సహజ డీఎన్ఏకు నకలే అవుతుంది కాబట్టి పేటెంట్ రాదు. 2015లో ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) ఇంకో అడుగు ముందుకేసింది. విషయం సమాచారమే అయినప్పుడు సీడీఎన్ఏకు కూడా ఇవ్వడం కుదరదంది.

తీర్పు రాగానే ఇతర ల్యాబ్‌లు పరీక్షలు ప్రకటించాయి. అయినా ఒక పెద్ద చిక్కు అలాగే మిగిలింది. ఏళ్ల తరబడి చేసిన పరీక్షల వల్ల, ఏ మార్పు ప్రమాదకరమో ఏది కాదో చెప్పే సమాచార నిధి మిరియడ్ దగ్గర పోగైంది. అది పేటెంట్ కాదు, వ్యాపార రహస్యం. పేటెంట్‌కైనా 20 ఏళ్ల గడువుంది, పత్రం అందరికీ అందుబాటులో ఉంటుంది. రహస్యానికి గడువూ లేదు, బయటపెట్టే బాధ్యతా లేదు. పేటెంట్లను తీసేస్తే అన్నీ తెరుచుకుంటాయనేవాళ్లు ఆగి ఆలోచించాల్సిన చోటు ఇది.

యూరప్ తీరు వేరు. 1998 నాటి యూరోపియన్ యూనియన్ 98/44 ఆదేశం ప్రకారం మనిషి శరీరానికీ, అందులోని భాగాన్ని కేవలం కనుక్కున్నందుకూ పేటెంట్ లేదు. కానీ వేరుచేసిన భాగానికి, దాని నిర్మాణం సహజ రూపంతో అచ్చంగా సరిపోయినా, పేటెంట్ ఇవ్వొచ్చు. పారిశ్రామిక ఉపయోగం మాత్రం దరఖాస్తులోనే చెప్పాలి.

ఒకే పరిశోధన, ఆరు క్లెయిమ్‌లు

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. కాలేయ వ్యాధి ముప్పును పెంచే ఒక జన్యుమార్పును ఒక బృందం గుర్తించి, దరఖాస్తులో ఆరు క్లెయిమ్‌లు రాసింది.

మొదటిది, వేరుచేసిన జన్యువు. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ రాదు. యూరప్‌లో ఉపయోగం చూపిస్తే రావచ్చు. భారత చట్టంలో, ప్రకృతిలో ఉన్న పదార్థాన్ని కనుక్కోవడం ఆవిష్కరణ కాదన్న 3(సి) సెక్షన్ అడ్డొస్తుంది.

రెండోది, దాని సీడీఎన్ఏ. అమెరికాలో రావచ్చు, ఆస్ట్రేలియాలో కష్టం.

మూడోది, ఆ సీడీఎన్ఏను చేర్చుకుని ప్రొటీన్ తయారుచేసే బ్యాక్టీరియా. మూడు పరీక్షలూ దాటితే దాదాపు అన్నిచోట్లా దారి ఉంది.

నాలుగోది, రక్తంలో ఆ మార్పు ఉందో లేదో చూసి ముప్పు చెప్పే పద్ధతి. అమెరికాలో ఇదే అన్నింటికన్నా కష్టమైనది. 2012లో మేయో, ప్రొమీథియస్ కేసులో పేటెంట్ ఇలా ఉంది: థయోప్యూరిన్ మందు వాడే రోగికి 80 కోట్ల ఎర్ర రక్తకణాలకు ఆ మందు నుంచి పుట్టిన ఒక పదార్థం 230 పికోమోల్‌కన్నా తక్కువుంటే మోతాదు పెంచాల్సి రావచ్చని, 400 దాటితే తగ్గించాల్సి రావచ్చని. రక్తంలో ఆ పదార్థం స్థాయికీ మందు ప్రభావానికీ ఉన్న సంబంధం ప్రకృతి నియమమని, దానికి 'కొలిచి చూడండి' అని జోడించినంత మాత్రాన ఆవిష్కరణ కాదని కోర్టు కొట్టేసింది. ఆ ఫలితం చూసి ఆలోచించిన డాక్టర్ కూడా ఉల్లంఘన కిందికి వచ్చేవాడని ఒక పక్షం ఊపిరి పీల్చుకుంది. ఇలాగైతే కొత్త నిర్ధారణ పరీక్షల మీద పెట్టుబడి ఎవరు పెడతారని రెండో పక్షం అడిగింది. ఆ ప్రశ్న ఇప్పటికీ సజీవమే. యూరప్‌లో మనిషి శరీరం మీద చేసే నిర్ధారణ పద్ధతులకు పేటెంట్ లేదు గానీ, తీసిన రక్తంతో ల్యాబ్‌లో జరిగే పరీక్ష ఆ నిషేధం కిందికి రాదు.

ఐదోది, ఆ మార్పును చొప్పించిన ఎలుక. అమెరికాలో వస్తుంది. యూరప్‌లో జంతువు బాధను తూకం వేశాకే. కెనడాలో జంతువుకు రాదు. భారత్‌లో, మొక్కలనూ జంతువులనూ మినహాయించే 3(జె) సెక్షన్ కింద రాదు.

ఆరోది, ఆ ప్రొటీన్‌ను అంటిపెట్టుకునే 'ఏ యాంటీబాడీ అయినా'. ఇక్కడ దెబ్బతినేది ఆశ వల్ల. 2023లో యామ్జెన్, సనోఫీ కేసులో, 26 యాంటీబాడీల అక్షరక్రమం రాసి, అదే పని చేసే యాంటీబాడీలన్నింటినీ తమవిగా చెప్పుకున్న క్లెయిమ్‌లను అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా రద్దుచేసింది. ఎంత అడిగితే అంతటినీ తయారుచేసే మార్గం చూపించాలి.

నైతికతను తూకం వేసినప్పుడు

నైతికత నిబంధన కాగితం మీదే ఉంటుందా, ఎప్పుడైనా పనిచేస్తుందా అన్న సందేహానికి హార్వర్డ్ ఎలుకే జవాబు. క్యాన్సర్ జన్యువును చొప్పించి, కణితులు త్వరగా వచ్చేలా తయారుచేసిన ఆంకోమౌస్‌కు అమెరికా 1988లో పేటెంట్ ఇచ్చింది. నైతికత చర్చ జరగలేదు, అలాంటి నిబంధన అక్కడి పేటెంట్ చట్టంలో లేదు. యూరోపియన్ పేటెంట్ ఆఫీస్ మొదట తిరస్కరించింది. 1990లో అప్పీల్ బోర్డు, ఒకవైపు జంతువు పడే బాధనూ పర్యావరణానికి ముప్పునూ, మరోవైపు మనుషులకు కలిగే మేలునూ పెట్టి తూచమని వెనక్కి పంపింది. మేలు వైపు మొగ్గింది. 1992లో పేటెంట్ వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది క్లెయిమ్ వెడల్పును. మొదట అడిగింది మానవేతర క్షీరదాలన్నింటికీ. అభ్యంతరాల తర్వాత 2001లో రోడెంట్లకు, అంటే ఎలుకల్లా కొరికే జంతువులకు, కుదించారు. ఆ మాట కిందికి ఉడుతలు, ముళ్లపందులు కూడా వస్తాయి. వాటి మీద క్యాన్సర్ పరిశోధన చేస్తే ప్రత్యేకంగా వచ్చే వైద్యప్రయోజనం ఏమీ చూపలేదు, బాధ మాత్రం తప్పదు. 2004లో ఎలుకలకు మాత్రమే పరిమితం చేశారు. నైతికత అంటే అవునో కాదో చెప్పడమే అనుకుంటాం. ఇక్కడ అది హక్కు ఎంత దూరం పోవాలో నిర్ణయించింది. నాకైతే ఈ కేసులో అన్నింటికన్నా విలువైన పాఠం అదే. జంతువుల హక్కుల పక్షం మాత్రం ఈ తూకం పద్ధతినే తప్పుపడుతుంది. బాధ అనుభవించేది ఒకరు, మేలు పొందేది మరొకరు అయినప్పుడు రెండింటినీ ఒకే తక్కెడలో వేయడం ఎలా న్యాయమన్న వారి ప్రశ్నకు తీర్పుల్లో జవాబు లేదు.

మానవ పిండం విషయంలో యూరప్ తూకం జోలికే పోలేదు. పారిశ్రామిక, వాణిజ్య అవసరాలకు పిండాలను వాడటం నిషేధిత జాబితాలో ఉంది. పిండ మూలకణాల నుంచి నాడీకణాలకు ముందు దశ కణాలను తయారుచేసే పద్ధతి మీద, 2011లో యూరోపియన్ న్యాయస్థానం బ్రూస్టల్ కేసులో తీర్పు ఇచ్చింది. ఎప్పుడో ముందు దశలో పిండాన్ని నాశనం చేయాల్సి వచ్చినా పేటెంట్ కుదరదంది. 2014లో మాత్రం, ఫలదీకరణ లేకుండా విభజన మొదలుపెట్టి, మనిషిగా ఎదిగే సామర్థ్యమే లేని అండాన్ని పిండంగా లెక్కించనక్కర్లేదని స్పష్టం చేసింది. ఇంతకీ 2011 తీర్పు తర్వాత ఆ పరిశోధన నేరమైపోలేదు. చట్టం అనుమతించిన దేశాల్లో కొనసాగింది. ఆగింది పేటెంట్ మాత్రమే.

కణాలు ఎవరివి, అడిగి తీసుకున్నారా

అరుదైన రక్తక్యాన్సర్‌తో జాన్ మూర్ 1976లో లాస్ ఏంజెలిస్‌లో ప్లీహం తీయించుకున్నారు. తర్వాత ఏళ్ల తరబడి సియాటెల్ నుంచి పిలిపించి రక్తం, ఎముక మజ్జ నమూనాలు తీసుకున్నారు. వైద్యంలో భాగమనే ఆయన అనుకున్నారు. ఆ కణాల నుంచి తయారుచేసిన కణశ్రేణికి, అంటే ల్యాబ్‌లో ఆగకుండా పెరుగుతూ పోయే కణాలకు, 1984లో పేటెంట్ వచ్చింది. 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. తీసేసిన కణాల మీద మూర్‌కు ఆస్తిహక్కు లేదు. డాక్టర్ తన పరిశోధన, ఆర్థిక ప్రయోజనాలను ముందే చెప్పకపోవడం మాత్రం తప్పు.

ఈ రెండూ కలిస్తే వచ్చే ఫలితం చూడండి. సమ్మతి లోపించినందుకు డాక్టర్ మీద దావా వేయొచ్చు, పేటెంట్‌కు మాత్రం ఏమీ కాదు. యూరప్ ఆదేశంలోనూ, కణాలు ఇచ్చిన వ్యక్తికి తెలిసి సమ్మతి తెలిపే అవకాశం ఉండాలన్న మాట పీఠికలో ఉంది, నిబంధనల్లో లేదు. కణాలకు ఆస్తిహక్కు ఇస్తే ప్రతి నమూనా వెనకా బేరసారాలు మొదలై పరిశోధన కుంటుపడుతుందన్నది తీర్పును సమర్థించేవాళ్ల భయం. అందరికీ లాభం వచ్చి, ఒంట్లోంచి కణం ఇచ్చిన మనిషికే ఏమీ రాకపోవడం ఏం న్యాయమన్నది ఎదుటివాళ్ల మాట. పాపువా న్యూగినీలోని హగహాయ్ తెగకు చెందిన వ్యక్తి కణశ్రేణి మీద అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థకు 1995లో వచ్చిన పేటెంట్‌ను, నిరసనల మధ్య మరుసటి ఏడే వదులుకున్నారు. వదిలించింది కోర్టు కాదు, ప్రజాభిప్రాయం.

సమాజం మొత్తానికి తెలిసిన విషయం మీద పేటెంట్ వస్తే పద్ధతి కొంత తేలిక, ఎందుకంటే కొత్తదనం పరీక్షతోనే దాన్ని పడగొట్టవచ్చు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికా ఇచ్చిన పేటెంట్‌ను భారత్‌లోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) 1997లో రద్దు చేయించింది. అయితే అప్పటి అమెరికా చట్టంలో విదేశాల్లో నోటిమాటగా, వాడుకగా ఉన్న జ్ఞానం లెక్కలోకి రాదు, అచ్చులో ఉండాలి. సంస్కృత గ్రంథాలతో పాటు 1953 నాటి భారతీయ వైద్య పత్రికలోని వ్యాసం అందుకే అవసరపడింది. 2013 నుంచి అక్కడ ఆ తేడా తీసేశారు. ఎక్కడి బహిరంగ వాడుకైనా చెల్లుతుంది. దాన్ని రుజువు చేసే భారం మాత్రం తగ్గలేదు. జన్యువనరులు ఎక్కడివో దరఖాస్తులో చెప్పాలన్న అంతర్జాతీయ ఒప్పందాన్ని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ సభ్యదేశాలు 2024 మేలో ఆమోదించాయి. భారత చట్టంలో ఆ షరతు అంతకుముందే ఉంది.

పేటెంట్ వచ్చాక దాన్ని ఎలా వాడతారు

నైతికత చర్చ ఎక్కువగా పేటెంట్ ఇవ్వాలా వద్దా అన్నచోటే ఆగిపోతుంది. జనం మీద ప్రభావం పడేది చాలాసార్లు ఆ తర్వాత, లైసెన్స్ దగ్గర. డీఎన్ఏ ముక్కలను కలిపే కోహెన్, బోయర్ పద్ధతికి 1980లో పేటెంట్ వచ్చింది. జీవ సాంకేతిక పరిశ్రమకు అది పునాది. స్టాన్‌ఫర్డ్ దాన్ని ఒక్కరికే కట్టబెట్టకుండా 400కు పైగా సంస్థలకు లైసెన్స్ ఇచ్చింది, విశ్వవిద్యాలయ పరిశోధకుల నుంచి ఏమీ అడగలేదు. 25 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది, పరిశోధన ఎక్కడా ఆగలేదు. మిరియడ్ తన జన్యువుల విషయంలో దీనికి ఎదురుదారి పట్టింది. పేటెంట్ చట్టం రెండింటినీ ఒకేలా అనుమతించింది.

జన్యువులను కోరినచోట కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతి విషయంలో లైసెన్స్ ఇంకో పాత్ర పోషించింది. 2016లో అమెరికా పరిశోధన సంస్థ బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ పంటల కోసం విత్తన సంస్థ మోన్‌శాంటోకు ఇచ్చిన లైసెన్స్‌లో మూడు పనులు చేయకూడదని రాసింది: ఒక జన్యుమార్పు జాతి మొత్తానికీ పాకిపోయేలా చేసే జీన్ డ్రైవ్ వాడకూడదు, తిరిగి మొలవని విత్తనాలు తయారుచేయకూడదు, పొగతాగడానికి వాడే పొగాకు మొక్కలను మార్చకూడదు. అడ్డుకునే హక్కును లాభం కోసం కాక హద్దు గీయడానికి వాడిన అరుదైన సందర్భం ఇది. దీన్ని మెచ్చుకునేవాళ్లు, చట్టసభలు మేల్కొనేలోపు ఎవరో ఒకరు ఆ పని చేయడం మేలే కదా అంటారు. ప్రజలు ఎన్నుకోని ఒక ప్రైవేటు సంస్థ అందరి తరఫునా హద్దులు గీయడమేమిటని విమర్శకులు అడుగుతారు. ఆచరణలో మరో రెండు పరిమితులున్నాయి. లైసెన్స్ షరతు లైసెన్స్ తీసుకున్నవాళ్లకే వర్తిస్తుంది, పేటెంట్ లేని దేశంలో పనిచేయదు. పైగా పేటెంట్‌కు ఆయుష్షు 20 ఏళ్లే. అది తీరిన రోజున ఆ షరతుల వెనక ఉన్న పేటెంట్ బలం కూడా తీరిపోతుంది. ఆ తర్వాత జీన్ డ్రైవ్‌ను ఆపాలన్నా అనుమతించాలన్నా మిగిలేది ఆయా దేశాల జీవభద్రత చట్టాలే.